పవర్ చాల్లేదన్న కారు: ఒక టర్బో మాన్యువల్ లాంచ్ కేస్ స్టడీ

కారు 1.5 లీటర్ టర్బో పెట్రోల్ సెడాన్. 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల మాన్యువల్, ముందు చక్రాల డ్రైవ్. ఓనర్ చిత్తూరు కుర్రాడు, వాళ్లింట్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. తిరుపతిలో మా షెడ్డుకి వస్తూనే అడిగింది ఒక్కటే.

"అన్నా, స్టేజ్ వన్ రీమ్యాప్ కొట్టేయ్. పికప్ చాల్లేదు."

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. పికప్ ఎందుకు చాల్లేదో కూడా చెప్పాడు. ఫ్రెండు కారు కూడా అదే ఇంజిన్, కాకపోతే ఆటోమేటిక్. ఇద్దరూ పక్కపక్కనే నిలబెట్టి లాగితే మొదటి వంద మీటర్లలోనే ఆటోమేటిక్ రెండు కార్ల దూరం ముందుకెళ్లిపోతోంది. ఆ తర్వాత తేడా పెరగడం లేదు, తగ్గడమూ లేదు. ఈ చివరి మాట అతను యథాలాపంగా అన్నాడు గానీ కేసు మొత్తం అందులోనే ఉంది. పవర్ తక్కువైన కారు చివరిదాకా వెనకబడుతూనే ఉంటుంది. మొదట్లో మాత్రమే వెనకబడి తర్వాత సమానంగా పోతోందంటే ఇంజిన్‌ని అనుమానించాల్సిన పని లేదు.

ఎక్కడ లాగారయ్యా అంటే, చంద్రగిరి దాటాక రాత్రిపూట అన్నాడు. అక్కడ కాస్త గట్టిగానే మాట్లాడాను. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినా 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. అది అటుంచితే, పెరటాసి నెలలో ఆ రోడ్ల అంచునే గోవింద నామాలు చెప్పుకుంటూ భక్తులు రాత్రంతా నడుస్తుంటారు. టైమింగ్ చూడాలంటే ట్రాక్ మీదే చూద్దాం, దానికి ఒప్పుకుంటేనే కారు ముట్టుకుంటానన్నాను. ఒప్పుకున్నాడు.

షెడ్డులో చూసింది

రీమ్యాప్ అడిగే ప్రతి మాన్యువల్ కారుకీ ముందు క్లచ్ చూస్తాం. నాలుగో గేర్‌లో 50 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లూ వేగమూ కలిసి పెరగాలి. ముల్లు ఒక్కటే లేచిపోయి వేగం అక్కడే ఉంటే ప్లేట్ జారుతున్నట్టు. ఇతని కారులో జారడం లేదు. కానీ లిఫ్ట్ ఎక్కించి గేర్‌బాక్స్ దగ్గర ముక్కు పెడితే మాడు వాసన వచ్చింది. బ్రేకుకీ క్లచ్‌కీ కలిపి ఒకే డబ్బాలో ఉండే ఆయిల్ నల్లబడి ఉంది. అది తీసేసి కొత్త డాట్ 4 ఆయిల్ పోసి, లైన్లో గాలి తీశాం. ముందు టైర్లు వెనకవాటికంటే బాగా అరిగాయి. గాలి 38 పీఎస్ఐ ఉంది, డోర్ స్టిక్కర్ మీద 33 అని రాసుంటే. బంకులో పిల్లోళ్లు చేతికొచ్చినంత కొట్టేస్తారు, మనమూ చూసుకోం.

తర్వాత కారు అంకెలన్నీ రికార్డు చేసే లాగర్ పెట్టాం. కారు కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ సాకెట్ నుంచి ఆర్‌పీఎం, పెడల్ ఎంత తొక్కాడు, ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ నిజంగా ఎంత తెరుచుకుంది, నాలుగు చక్రాల వేగం విడివిడిగా వస్తాయి. అసలు వేగానికి జీపీఎస్. లాంచ్ అంటే నిలబడ్డ చోటు నుంచి కారుని దూకించడం. ఆ కేసుల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేది చక్రాల వేగమే. ముందు చక్రాల డ్రైవ్ కారులో వెనక చక్రాలు ఉత్తగా దొర్లుతాయి కాబట్టి అవి చెప్పేది కారు వేగం. ముందువాటికీ వెనకవాటికీ మధ్య తేడా ఎంత ఉంటే అంత టైరు జారుతున్నట్టు.

అతని ఫ్యాక్టరీ యార్డులో, మనుషులెవరూ లేని సమయంలో, "నువ్వు రోజూ ఎట్లా లాగుతావో అట్లాగే లాగు" అన్నాను. 4,500 దాకా రేస్ చేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. టైర్లు అరిచాయి, పొగ వచ్చింది, బయట నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. లాగ్‌లో వేరే కథ ఉంది. అర సెకను కూడా కాకముందే ముందు చక్రాలు 35 చూపిస్తున్నాయి, వెనకవి 6 దగ్గర ఉన్నాయి. అంతలో ఈఎస్‌సీ, అంటే చక్రాలు జారితే ఇంజిన్‌ని తగ్గించే కంప్యూటర్, చూసుకుంది. పెడల్ నూరు శాతం, థ్రాటిల్ ఇరవై. ఇతను కాలు కిందికి నొక్కుతూనే ఉన్నాడు, కంప్యూటర్ గాలి కట్టేసింది. చక్రాలకు మళ్లీ పట్టు దొరికేసరికి ఇంజిన్ 1,800 కిందికి పడిపోయింది, టర్బోలో బూస్ట్ (అది ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) లేదు, కారు నిద్ర లేచినట్టు కదిలింది.

ఈఎస్‌సీ బటన్ నొక్కి, ఈసారి భయపడి 1,500లోనే వదిలాడు. ఇది ఇంకో రకం నష్టం. ముల్లు 900కి పడి ఇంజిన్ దాదాపు ఆగిపోబోయింది. ఈ రెండింటి మధ్యే ఇన్నాళ్లూ ఊగుతున్నాడు. 0-100 ఎంత వస్తోందని అడిగితే, ఒకసారి పది, ఒకసారి పదకొండు అన్నాడు. ఒకే కారులో ఒకే డ్రైవర్‌కి సెకను తేడా వస్తోందంటే అది లోహం సమస్య కాదు, కాలు సమస్య.

వెయ్యి కిలోలు, ఆరువందల కిలోలు

అయినా రీమ్యాప్ పట్టు వదల్లేదు. అప్పుడు కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఈ లెక్క ఏ కారుకైనా ఎవరైనా వేసుకోవచ్చు.

ఇంజిన్ టార్క్ 250 ఎన్ఎం. ఫస్ట్ గేరూ ఫైనల్ డ్రైవూ కలిపితే ఈ తరహా కార్లలో సుమారు 13.8 రెట్లు. గుణిస్తే 3,450. గేర్‌బాక్స్‌లో పదో వంతు పోయిందనుకుంటే 3,100 చిల్లర. టైరు వ్యాసార్థం 0.31 మీటర్లు. భాగిస్తే పదివేల న్యూటన్లు, అంటే రోడ్డుని వెనక్కి తోసే బలం దాదాపు వెయ్యి కిలోలు.

ఇప్పుడు టైరు వైపు. కారు, డ్రైవర్, పెట్రోలు కలిపి 1,350 కిలోలు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద అందులో అరవై శాతం, అంటే 810. కారు ముందుకు దూకగానే బరువు వెనక్కి జరుగుతుంది, ఈ త్వరణానికి నూట ముప్పై కిలోలదాకా పోతుంది. మిగిలింది 680. పొడి తారు మీద మామూలు రోడ్ టైరు తనమీది బరువులో తొంభై శాతం దాకా పట్టు ఇస్తుంది. అంటే 610 కిలోలు.

ఇంజిన్ ఇవ్వగలిగింది వెయ్యి. టైరు తీసుకోగలిగింది ఆరువందలు. ఉన్నదానిలోనే నాలుగువందలు వృథా అవుతుంటే రీమ్యాప్ పెట్టి ఇంకో రెండువందలు తెచ్చి ఎక్కడ పెడదాం తమ్ముడూ అని అడిగాను. కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

రెండో గేర్ లెక్క కూడా వేశాం. అక్కడ మొత్తం రెట్లు 7.8 దగ్గర ఉంటాయి, తోసే బలం 580 కిలోల లోపే వస్తుంది. టైరు పట్టులో సరిగ్గా ఇముడుతుంది. అంటే రీమ్యాప్ దండగ అని నేననడం లేదు, మా షెడ్డులో అది చేసే డబ్బులు సంపాదిస్తాం. అది పనికొచ్చేది రెండో గేర్ నుంచి. ఇతను పోగొట్టుకుంటున్నది ఫస్ట్ గేర్‌లో, అదీ మొదటి సెకనున్నరలో. ఫ్రెండు ఆటోమేటిక్ గెలుస్తున్నదీ అక్కడే. అందులో క్లచ్‌ని మనిషి కాలు కాకుండా కంప్యూటర్ వదులుతుంది, టైరు ఎంత తీసుకుంటే అంతే ఇస్తుంది.

క్లచ్‌లో ఎంత వేడి పుడుతుంది

"మరి ఎంత ఆర్‌పీఎంలో వదలాలన్నా?" అన్నాడు. అందరూ అడిగే ప్రశ్న ఇదే, నెంబర్ చెప్పేస్తే పనైపోతుందనుకుంటారు.

ఈ కారు ఫస్ట్ గేర్‌లో 6,000కి 50 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 2,500 అంటే 21 కిలోమీటర్లు. కారు సున్నాలో ఉంది, ఇంజిన్ 21కి సరిపడా తిరుగుతోంది. ఆ తేడా అంతా ఎక్కడో జారాలి. టైరు దగ్గర జారితే వీల్ స్పిన్, క్లచ్ దగ్గర జారితే లాంచ్. కారు 21 అందుకునేదాకా, అంటే సుమారు సెకనూ మూడో వంతు, ప్లేట్ జారుతూనే ఉండాలి. అందుకే లాంచ్ అంటే క్లచ్ వదలడం కాదు, పట్టుకుని ఉండటం.

జారినంతసేపూ ప్లేట్ వేడెక్కుతుంది. ఇంజిన్‌ని ఒకే ఆర్‌పీఎంలో నిలిపి కారుని ఆ వేగానికి తెస్తే, క్లచ్‌లో వేడిగా పోయే శక్తి కారుకి అప్పటికి వచ్చిన గతిశక్తికి సమానం. 2,500 దగ్గర అది 23 కిలోజౌళ్లు. 4,500లో పెట్టి, టైరు తిరగకుండా జాగ్రత్తగానే వదిలినా, కారు 38 అందుకునేదాకా జారించాలి, 76 కిలోజౌళ్లు పోతాయి. ఆర్‌పీఎం రెట్టింపు చేస్తే వేడి నాలుగు రెట్లు. షెడ్డులో ముక్కుకి తగిలిన వాసన అదే.

ఇంతకీ మన ఊళ్లో క్లచ్ ప్లేట్లు లాంచ్‌ల వల్ల పోవు. అలిపిరి టోల్ గేట్ క్యూలో ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్‌లో కారు నిలబెట్టేవాళ్ల వల్ల పోతాయి. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా వేసే కొండ కింద కూర్చుని నేను లాంచ్ గురించి రాస్తున్నానని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

మరి 2,500 కూడా కాకుండా ఇంకా తక్కువలో వదిలితే? అక్కడ టర్బో అడ్డం పడుతుంది. నిలబడి ఉత్తగా రేస్ చేస్తే ముల్లు లేస్తుంది గానీ బూస్ట్ రాదు, ఎందుకంటే ఇంజిన్ మీద బరువు లేదు. క్లచ్ అందుకున్నాకే బరువు పడుతుంది, అప్పుడే టర్బో మేల్కొంటుంది. 1,500లో అందుకుంటే టర్బో మేల్కొనేలోపే ఇంజిన్ కూలబడుతుంది. 2,500 నుంచి 2,800 మధ్యలో అందుకుంటే కూలబడకుండా ఆ అర సెకను గడిచిపోతుంది. ఇంకో కారుకి ఈ అంకె పనికిరాదు. పెద్ద ఇంజిన్, టర్బో లేనిది, వెనక చక్రాల డ్రైవ్, మెత్తటి టైరు, ఏది మారినా అంకె మారుతుంది. చాలా కొత్త కార్లలో నిలబడి ఉండగా ఇంజిన్‌ని ఒక హద్దు దాటి రేస్ కానివ్వరు కూడా.

యార్డులో సాధన

మామిడి సీజన్ అయిపోయాక గుజ్జు ఫ్యాక్టరీ యార్డు ఖాళీగా ఉంటుంది. లారీలు తిరిగే కాంక్రీటు నేల, చదును, చుట్టూ గోడ, గేటుకి తాళం. అంతకంటే మంచి స్థలం మా జిల్లాలో దొరకదు. నేల మీద దుమ్ము మాత్రం ముందు ఊడ్పించాం.

మొదట సీటు. ఇతను కాళ్లు చాపుకుని వెనక్కి వాలి కూర్చునే రకం. క్లచ్ తొక్కాలంటే కాలు మొత్తం తొడ దగ్గర నుంచి కదలాలి, మడమ గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్న కాలితో పెడల్‌ని ఒక అంగుళంలో ఆపడం ఎవరివల్లా కాదు. సీటు రెండు గాట్లు ముందుకి జరిపి, మడమ నేలకి ఆనించి, పాదం ముందు భాగంతో మాత్రమే వదలమన్నాను. చెప్పులు తీసేసి పల్చటి అడుగున్న షూ వేసుకోమన్నాను. వింటానికి చిన్న విషయాలు, లాగ్‌లో తేడా మొదట కనిపించింది వీటివల్లే.

తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితో కారు కదిలించే పని. డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజు చేయించేదే. దీనికి అతనికి నామోషీగా అనిపించింది, మొహంలో తెలిసింది. కానీ తన కారు క్లచ్ ఎక్కడ అందుకుంటుందో అతనికి నిజంగా తెలియదు. ఎప్పుడూ ఆ చోటు దాటుకుంటూ పోవడమే తప్ప అక్కడ ఆగింది లేదు. అందుకునే క్షణంలో స్టీరింగ్‌లో చిన్న వణుకు వస్తుంది, బోనెట్ ముందు అంచు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, ఇంజిన్ గొంతు కాస్త బొంగురుపోతుంది. ఈ మూడూ తెలిసేదాకా రేస్ చేయనివ్వలేదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా కార్లలో క్లచ్ ఆయిల్ లైన్లో సన్నటి దారి ఉన్న వాల్వ్ పెడతారు. కాలు ఎంత గబుక్కున తీసినా ఆయిల్ నిదానంగానే వెనక్కి వస్తుంది, ప్లేట్ ఆలస్యంగా కలుస్తుంది. కొత్తవాళ్లు కుదుపు లేకుండా నడపడానికి, గేర్‌బాక్స్ బతకడానికి అది మంచిదే. లాంచ్‌లో మాత్రం కాలు చెప్పేదొకటి, ప్లేట్ చేసేదొకటి అవుతుంది. తీసేయమని అడుగుతారు. క్లచ్‌ని నిదానంగా వదలడం వచ్చినవాళ్లకి అది అడ్డమే కాదు. రానివాళ్లకి తీస్తే డ్రైవ్ షాఫ్ట్ విరుగుతుంది. నేను తీయను.

అసలు లాంచ్‌కి అతనికి చెప్పింది ఒక్క మాట: "స్పీడోమీటర్ చూడొద్దు, ముల్లు చూడు. కారు ఇరవై అందుకునేదాకా ముల్లు కదలకూడదు." 2,600 దగ్గర నిలబెట్టు. క్లచ్‌ని అందుకునే చోటుదాకా త్వరగా తీసుకురా, అక్కడ ఆపు. కారు కదిలింది. ముల్లు కిందికి పడుతోందంటే ఎడమ కాలు తొందరపడుతోంది లేదా కుడి కాలు బద్ధకిస్తోంది. పైకి లేస్తోందంటే క్లచ్ ఇంకా ఇవ్వాలి. రెండు కాళ్లూ ఆ ముల్లుని ఒకేచోట కట్టేసి ఉంచాలి. ఇంజిన్‌తో కారు వేగం కలిసిపోయిన క్షణంలో కుదుపు ఏమీ ఉండదు, ముల్లు దానంతటదే పైకి నడవడం మొదలుపెడుతుంది. అప్పుడు క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కు.

టైరు చప్పుడు కూడా వినమన్నాను. టైరు అసలు జారకపోతే పట్టు పూర్తిగా వాడుకోనట్టు. రోడ్డు వేగం కంటే పది, పదిహేను శాతం ఎక్కువ తిరిగేటప్పుడే పట్టు గరిష్ఠం. చెవికి అది సన్నటి కీచుగా, తెగి తెగి వినిపిస్తుంది. కేక పెట్టి ఆగకుండా అరుస్తోందంటే హద్దు దాటిపోయింది. అతనికి ముల్లు కంటే ఈ చప్పుడే త్వరగా పట్టుబడింది.

వరుసగా చేయనివ్వలేదు. ఒక్కో లాంచ్ తర్వాత క్లచ్ పూర్తిగా వదిలేసి, యార్డు చుట్టూ మెల్లగా తిప్పి రమ్మన్నాను. నిలబడి క్లచ్ తొక్కి పట్టుకుంటే రిలీజ్ బేరింగ్ నలుగుతుంది, ప్లేట్‌కి గాలి ఆడదు. "రొంత వాసనొస్తాంది అన్నా" అన్నప్పుడల్లా ఆ పూటకి ఆపేశాం.

ట్రాక్ మీద

తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోతే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై. 1990లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు మొదలుపెట్టిన ట్రాక్, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. మన వైపు వాళ్లకి ఇంత దగ్గర్లో ఇలాంటి చోటు ఉండి కూడా రాత్రిపూట హైవే ఎక్కుతారంటే నాకు అర్థం కాదు.

ట్రాక్ డేకి తెల్లారే చేరుకున్నాం. ముందు టైర్ల గాలి 28కి తగ్గించాం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ 33కి పెట్టాం. ఏసీ ఆపించాను. ఎండలో క్యూలో నిలబడితే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కి లోపలికి పోయే గాలి పల్చబడుతుంది, అందుకే కుదిరినంతవరకు పొద్దున్నే లైన్లోకి పంపాను. ఈఎస్‌సీ ఆఫ్. హెల్మెట్, బెల్టు, వెనక సీట్లో ఉన్న సామానంతా దించేయడం, అవి చెప్పాల్సిన పని లేదు.

మొదటి రెండు లాంచ్‌లు పాత అలవాటులోకి జారాయి. పక్క లేన్‌లో కారు ఉండేసరికి టెన్షన్ వచ్చి ఎడమ కాలు మళ్లీ గాల్లోకి లేచింది. ఒకదాంట్లో ముందు చక్రాలు జారి, పట్టు దొరికి, మళ్లీ జారి దబదబమని ఎగిరాయి. వీల్ హాప్ అంటాం దీన్ని. ఇది వచ్చిందంటే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి, ఇంకో మాట లేదు. డ్రైవ్ షాఫ్టులు, గేర్‌బాక్స్ విరిగేది ఇప్పుడే. వదిలేశాడు.

తర్వాతవి కుదురుకున్నాయి. డ్రాగ్ రేసింగ్‌లో మొదటి 60 అడుగుల టైమ్ చూస్తారు. పవర్‌తో దానికి పెద్ద సంబంధం ఉండదు, లాంచ్ ఎలా ఉందో అదే చెబుతుంది. యార్డులో 3 సెకన్ల దగ్గర ఉన్నది ఇక్కడ 2.5 చుట్టూ వచ్చింది. 0-100 తొమ్మిదికి లోపలికి దిగింది. నన్ను సంతోషపెట్టింది అది కాదు. వరుసగా అన్నీ రెండు మూడు పదోవంతుల తేడాలోనే వచ్చాయి. లాగ్‌లో ముందు చక్రాలు 22, వెనకవి 20, పక్కన ముల్లు 2,600 దగ్గర గీత గీసినట్టు సమంగా ఉంది. క్లచ్ వాసన లేదు.

అదే రోజు ఒకాయన బీఎండబ్ల్యూ ఎం2 గురించి అడిగాడు, ఇండియాలో మాన్యువల్‌గా దొరికే కొద్ది పవర్‌ఫుల్ కార్లలో అదొకటి. 2023 మోడల్‌కి 460 పీఎస్, 550 ఎన్ఎం, వెనక చక్రాల డ్రైవ్. అక్కడ లెక్క తిరగబడుతుంది. కారు దూకినప్పుడు వెనక్కి జరిగే బరువు తోసే చక్రాల మీదే పడుతుంది, టైరు కూడా 285 వెడల్పు. కాబట్టి ఇంకా ఎక్కువ బలం దించొచ్చు, కానీ హద్దు దాటితే కారు తిన్నగా పోకుండా తోక తిప్పుతుంది, ముందు చక్రాల కారులా ఉత్తగా పొగ పెట్టి ఊరుకోదు. ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన 0-100 ఆటోమేటిక్‌కి 4.1, మాన్యువల్‌కి 4.3 సెకన్లు. అంత కారు కట్టినవాళ్లే కాలికి 0.2 సెకన్లు వదిలిపెట్టారు.

ఇంకా మిగిలినవి

లాగ్‌లో ఇప్పుడు కనిపిస్తున్న పెద్ద నష్టం రెండు నుంచి మూడుకి మారే షిఫ్టు. ఈ కారు రెండో గేర్ 90 దగ్గరే అయిపోతుంది, కాబట్టి 0-100లో రెండుసార్లు గేర్ మార్చక తప్పదు. ఒకటి నుంచి రెండుకి తిన్నగా కిందికి లాగడమే కనుక త్వరగానే చేస్తున్నాడు. మూడుకి మాత్రం చెయ్యి నాబ్‌ని గట్టిగా పట్టుకుని పక్కకి తోస్తోంది, వెతుక్కుంటోంది, ఆ లోపు బూస్ట్ పడిపోతోంది. వేళ్లు వదులుగా పెట్టి పైకి తోస్తే స్ప్రింగే నాబ్‌ని మధ్యలోకి తెస్తుందని చెప్పాను. యాక్సిలరేటర్ వదలకుండా గేర్ మార్చే పద్ధతి నేర్పమన్నాడు, గేర్లని మెత్తగా కలిపే సింక్రో మీద జాలితో ఇప్పుడే వద్దన్నాను.

వీల్ హాప్ వచ్చిన కారు కాబట్టి కింద ఇంజిన్ ఊగకుండా పట్టుకునే టార్క్ మౌంట్ రబ్బరు చూశాం. చిట్లలేదు, కానీ మెత్తబడింది. యాక్సిలరేటర్ కొట్టి వదిలితే ఇంజిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఊగుతోంది. కాస్త గట్టి రబ్బరుది ఆర్డర్ పెట్టాం. క్యాబిన్‌లో వణుకు కొద్దిగా పెరుగుతుందని, వాళ్ల నాన్న అదే కారులో ఆఫీసుకి వెళ్తారని ముందే చెప్పి, ఇంట్లో అడిగి రమ్మన్నాను. ఖర్చు వరుస కూడా రాసిచ్చాను: మౌంట్, తర్వాత ముందు రెండు మంచి టైర్లు, ఆ టైర్లతో మళ్లీ లాగింగ్, ఆ పైన రీమ్యాప్. రీమ్యాప్ చేసే రోజున క్లచ్ ప్లేట్ ధర కూడా పక్కన రాసుకోమన్నాను.

ఫ్రెండు ఆటోమేటిక్‌తో మళ్లీ లాగాడట, ఈసారి ట్రాక్ మీదే. 60 అడుగుల దగ్గర ఇద్దరూ సమానం. రెండో గేర్ చివర్లో ఆటోమేటిక్ ఒక కారు ముక్కంత ముందుకి పోయిందని ఫోన్ చేశాడు. లాగ్ పంపమన్నాను. మూడో గేర్ దగ్గర సగం సెకను పైనే పోయి ఉంది.